రెండో మాట

బల్లకట్టు మోకుకు ఏటా చలి ముదరకముందే తారు పట్టించాలి. లేకపోతే మంచుకు తడిసి, ఎండకు ఆరి, నారలు లేచి, లాగేవాళ్ళ అరచేతులు చీరేస్తుంది. ఆ సోమవారం పొద్దున్నే రేవు యజమానురాలు, విధవ కెజయా విల్స్ ఏటి గట్టు మీద ముక్కాలిపీట వేసుకుని, కాగుతున్న తారులో గోనెగుడ్డ ముంచి మోకు వెంట రుద్దుతోంది. ఆమె దగ్గర పనిచేసే ఎనోస్ మరే మోకును భుజాన వేసుకుని మూర మూరా ఆమె చేతికి అందిస్తున్నాడు. తారు పొగకు కళ్ళు మండుతున్నా ఆమె నోరు మాత్రం ఆగలేదు.

"విను ఎనోస్. మళ్ళీ చెప్తా."

"చెప్పు," అన్నాడు ఎనోస్.

పత్రికలోంచి కత్తిరించిన ముక్క ఆమె జేబులోనే ఉంది. చేతులకు తారు కనుక తీయలేదు. తీయనక్కర్లేదు కూడా. అది కంఠతా వచ్చేసింది.

"'స్వతంత్రుడూ, తెల్లవాడూ, మగవాడూ అయిన పౌరుడు తప్ప మరెవరూ ఈ రాష్ట్రంలో ఓటు వేయరాదు.' విన్నావా? ఒక్క మాట. మగవాడు. నిన్నమొన్నటిదాకా మన న్యూజెర్సీ చట్టంలో 'అతను గానీ ఆమె గానీ' అని శుభ్రంగా రాసి ఉండేది. ఇంకే రాష్ట్రంలోనూ లేదు ఆ 'ఆమె'. ఒక్క మాట తీసి, ఒక్క మాట పెట్టి, నన్ను గుమ్మం బయటికి నెట్టేశారు."

ఎనోస్ ఇంకో మూర అందించాడు. "ఇక్కడ నార లేచింది. కాస్త గట్టిగా పట్టించు."

అది 1808. మరునాడే అమెరికా అధ్యక్షుడి ఎన్నిక. రెండు రోజుల పాటు పోలింగు. రేవుకు పైన, దిబ్బ మీది సత్రంలో పెట్టె పెడతారు. దేశమంతటా ఒకటే గొడవ. పై దేశాలతో వ్యాపారం వద్దని ప్రభుత్వం నిషేధం పెట్టి ఏడాది కావస్తోంది. ఓడలు తెరచాపలు దించుకుని నిలబడిపోయాయి. అడవిలోంచి దుంగల బండ్లు రావడం లేదు, కొలిమి నుంచి ఇనుము రావడం లేదు. బండ్లు రాకపోతే బల్లకట్టుకు పనేముంది? ఆ నిషేధం పెట్టినవాళ్ళ మనిషినే మళ్ళీ గద్దె ఎక్కించాలా వద్దా అన్నది తేలే వారం ఇది. కెజయా ఏ వైపో ఊరందరికీ తెలుసు. తన ఓటు చీటీ మీద, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎనిమిది మంది ఎలక్టర్ల పేర్లూ శనివారమే రాసి ఉంచుకుంది.

పిండిమర నడిపేవాడి భార్య బ్యూలా గుడ్లబుట్టతో దిబ్బ దిగి వచ్చింది. అవతలి ఒడ్డుకు పోవాలి ఆమె.

"ఇంకా అదే పాటా కెజయా? ఎనోస్ చెవులు తూట్లు పడిపోతాయి."

"నీకేం తెలుస్తుంది బ్యూలా? నీకు మొగుడున్నాడు."

"ఉన్నాడు కాబట్టే నాకు బాధ లేదు. ఎప్పుడుందని నాకు ఓటు, ఇప్పుడు పోడానికి? ఆస్తి ఉంటేనేగా ఓటు. మొగుడున్నదానికి చట్టం ప్రకారం తన గరిటె కూడా తనది కాదు."

"అందుకేగా నేను మళ్ళీ చేసుకోంది."

"అవును. పాపం ఆ గడియారాలు బాగుచేసే ఆయన ఎన్నాళ్ళు తిరిగాడో. ఓటుకి సవతిగా ఉండలేక వెళ్ళిపోయాడు."

ఎనోస్ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. కెజయాకూ నవ్వొచ్చింది గాని ఆపుకుంది.

"మా ఆయన ఏమంటాడంటే," బుట్ట దించింది బ్యూలా, "ఉత్తరాన కోర్టు ఏ ఊళ్ళో కట్టాలన్న ఎన్నికలో ఆడవాళ్ళు రెండేసిసార్లు ఓటేశారట. అందుకే తీసేశారంటాడు."

"ఆడవాళ్ళు కాదు. పావడాలు కట్టుకున్న మగవాళ్ళు. పావడా అంచు కింద బూట్లు కనపడ్డాయని వాళ్ళే చెప్పుకుంటున్నారు. మరి శిక్ష ఎవరికి పడింది? పావడాకి. బూట్లు హాయిగా రేపు ఓటేస్తాయి." కెజయా గుడ్డను తారులోకి విసిరింది. "ఎండ కాస్తోందని ఒక పక్షం అంటే రెండో పక్షం కాదంటుంది. అటువంటి రెండు పక్షాలూ దీని దగ్గర మాత్రం చేతులు కలిపాయి."

"మరి రేపు ఏం చేస్తావు?"

"వెళ్తాను. చీటీ ఇస్తాను. వద్దనేవాడు నా మొహం చూసి వద్దనాలి."

"దేవుడు నీకు ఓర్పునిచ్చుగాక," అంది బ్యూలా. బల్లకట్టు ఎక్కుతూ ఎనోస్ వైపు తిరిగి, "నువ్వేమంటావయ్యా?" అంది.

"నేను మోకు లాగుతానమ్మా," అన్నాడు ఎనోస్.

*

మంగళవారం తెల్లవారుతూనే అవతలి ఒడ్డున బల్లకట్టును పిలిచే గంట మోగింది. అడవిలో బొగ్గు కాల్చేవాళ్ళు గుంపుగా వచ్చారు. మొహాల మీద మసి మడతల్లో నిలిచిపోయి ఉంది. కొందరి కాళ్ళకు గోనెపట్టాలే చెప్పులు. కొత్త చట్టం వచ్చాక, పన్ను కట్టినవాడు ఎంత పేదవాడైనా ఓటేయవచ్చు. వాళ్ళలో చాలామందికి ఇదే మొదటిసారి. చీటీలను టోపీల్లో దాచుకుని, మాటిమాటికీ తీసి చూసుకుంటున్నారు. వాళ్ళను చూస్తే కెజయాకు ముచ్చటేసింది. వీళ్ళకి రావడం మంచిదే, దేవుడికి మహిమ, అనుకుంది. వీళ్ళకి చోటు కావాలంటే నేను లేవాలా?

మూడు దఫాలు దాటించాక ఆమె లోపలికి వెళ్ళి చేతుల తారు పందికొవ్వుతో రుద్ది కడిగింది. బొటనవేలి గోటి కింద మాత్రం పోలేదు. బూడిదరంగు గౌను, తెల్లటి కుచ్చు టోపీ. ఆదివారం మందిరానికి వేసుకునేవే. పొయ్యి ముందు కాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. క్వేకర్లనే క్రైస్తవ సమాజం వాళ్ళది. అందులో ప్రార్థనకు మాటలుండవు. లోపల వెలుగు కదిలేదాకా ఊరుకోవడమే. ఆ పొద్దున వెలుగు కదిలిందో కోపమే కదిలిందో ఆమెకు తేలలేదు.

సత్రం ముందుగదిలో బల్ల, బల్ల మీద పెట్టె. వెనకాల పోలింగు జరిపించే జడ్జి జోతమ్ రీవ్, అటూ ఇటూ ఇద్దరు. గదినిండా తడి ఉన్ని వాసన, పొగాకు, ఆపిల్ సారా. ఆమె రాగానే మాటలు తగ్గాయి. జోతమ్ లేచి నిలబడ్డాడు. మర్యాదస్తుడు.

"రండి కెజయా అమ్మగారూ. మీరెందుకు శ్రమపడి వచ్చారు?"

"చీటీ ఇద్దామని వచ్చా జోతమ్. పుచ్చుకో."

జడ్జిని అందరి ముందూ పేరు పెట్టి, నువ్వు అని పిలవడం కొత్తవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది. క్వేకర్లకు మీరు అన్న మాట లేదు. రాజైనా నువ్వే, పాలేరైనా నువ్వే. జోతమ్‌కు ఇది అలవాటే గాని, ఈ రోజు అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీకు చట్టం తెలియనిది కాదు."

"నాలుగేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర నా చీటీ తీసుకున్నది నువ్వే. చలిగా ఉందని నీ కుర్చీ మంట దగ్గరికి జరిపి కూర్చోబెట్టావు కూడా."

"అప్పటి చట్టం వేరు."

"నేను వేరు కాలేదే. ఇల్లు అదే, రేవు అదే. మొన్న పన్ను కట్టినప్పుడు నువ్వు మగవాడివా అని ఎవరూ అడగలేదు."

గదిలో నవ్వారు. మంట దగ్గర నిలబడ్డ బొగ్గుమనిషి ఒకడు, అప్పటికే కాస్త పుచ్చుకున్నవాడు, గ్లాసు ఎత్తాడు. "వేయనీండి జడ్జిగారూ. ఈవిడ మా అందరికంటే పెద్ద మగాడు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అతను మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"నేను ఆడదాన్నే," అంది కెజయా. "ఆడదానిగానే వచ్చాను."

జోతమ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను రాసినవాణ్ణి కాదమ్మా, అమలు చేసేవాణ్ణి. నా మీద కోపం పెట్టుకోకండి."

ఆమె చీటీ చాపి అలాగే నిలబడింది. వెనకాల వరసలో ఎవరో దగ్గారు. ఎవరో కాళ్ళు మార్చుకున్నారు. కాసేపటికి వరస ఆమె పక్కనుంచి వంపు తిరిగి కదలడం మొదలుపెట్టింది, ఏటిలో బండరాయి పక్కనుంచి నీళ్ళు పోయినట్టు. పెట్టె చీలికలోకి చీటీ తరవాత చీటీ పడుతోంది. ఎవరూ ఆమెను నెట్టలేదు. ఎవరూ పొమ్మనలేదు. తనే వచ్చేసింది.

*

ఎనోస్ బల్లకట్టులో చేరిన నీళ్ళు తోడుతున్నాడు.

"మోకు విప్పెయ్," అంది కెజయా. "ఇవాళ దాటినవాళ్ళని వెనక్కి దింపి, విప్పెయ్. రేపు బల్లకట్టు నడవదు. అవతలివాళ్ళు ఈదుకుంటూ వచ్చి ఓటేసుకోనీ."

ఎనోస్ తోడే చిప్పను పక్కన పెట్టాడు. "రేపు వచ్చేవాళ్ళు లోపలి అడవివాళ్ళు. పొద్దున బయల్దేరి ఉంటారు ఈపాటికి, నడిచి. గుర్రాలున్నవాళ్ళు పై వంతెన మీదుగా వెళ్ళిపోతారు కెజయా. ఆగిపోయేది కాళ్ళకి గోనె చుట్టుకున్నవాళ్ళే."

"అయితే నేను నోరు మూసుకోవాలా? వాళ్ళు ఒక్క మాటతో నన్ను..."

"ఒక్క మాటా?"

అతని గొంతు పెద్దది కాలేదు. అయినా ఆమె ఆగింది.

"నెల్నాళ్ళుగా వింటున్నాను," అన్నాడు ఎనోస్. "పొద్దున ఒకసారి, అన్నం ముందు ఒకసారి. ఇంకోసారి చెప్పు. నిదానంగా చెప్పు."

"స్వతంత్రుడూ," అంది కెజయా. "తెల్లవాడూ..."

తర్వాతి మాట రాలేదు.

ఏరు బల్లకట్టు అంచును తడుతోంది. ఎనోస్ మోకు మీద చెయ్యి వేసి, ఆమెను కాక నీళ్ళను చూస్తూ మాట్లాడాడు. "మొదటి మాట దాటడానికి, బానిసగా పుట్టిన మా నాన్నకి ఒక జన్మ పట్టింది. నేను దాటినవాడిగానే పుట్టాను. ఇల్లుంది, వెనకాల ఆపిల్ చెట్లున్నాయి, పన్ను కడుతున్నాను. నాలుగేళ్ళ కిందట నీతో పాటు ఆ దిబ్బ ఎక్కింది ఎవరనుకున్నావు? ఈ అక్టోబరులో శాసనసభకి ఎన్నిక పెట్టినప్పుడు మళ్ళీ ఎక్కాను. రెండో మాట దగ్గర ఆపేశారు."

అక్టోబరు. అప్పుడు తను చలిజ్వరంతో మంచం మీద ఉంది. అందుకే ఆ ఎన్నికకు వెళ్ళలేదు. ఎనోస్ గంటసేపు సెలవు అడిగి వెళ్ళడం గుర్తుంది. గంట కాకముందే దిబ్బ దిగి రావడం శాలువా కప్పుకుని కిటికీలోంచి చూసింది. అప్పుడు తను అన్న మాట కూడా గుర్తొచ్చింది. "ఇంత తొందరగా అయిపోయిందా? మంచిదే. అవతల బండి ఉంది, పో."

అతను వెళ్ళి బండి దాటించాడు.

ఈ నెల్నాళ్ళూ ఆ రెండో మాటను అతని ఎదుటే చదివింది తను. పత్రికలో చూస్తూ చదివింది, చూడకుండా చదివింది. ప్రతిసారీ కన్ను దాని మీద నుంచి జారిపోయింది, తడిబల్ల మీద కాలు జారినట్టు. నాలుక పలికింది, చెవికి వినపడలేదు.

ఆదివారం మందిరం కళ్ళ ముందు మెదిలింది. ఎనోస్ కూడా వస్తాడు. మెట్ల కింద గోడవారగా, నల్లవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చుంటాడు. ఆ బల్ల అక్కడ ఎందుకుందని ఆమె ఏనాడూ అడగలేదు. అది ఎప్పుడూ అక్కడే ఉంది. తను అతన్ని ఎనోస్ అంటుంది, అతను తనను కెజయా అంటాడు. ఇద్దరికీ నువ్వే. ఆ ఒక్క పిలుపుతో అంతా సమానమే అనుకుని నిశ్చింతగా ఉంది ఇన్నాళ్ళూ. దేవుడు ఈ వెలుగును అందరి లోపలా పెట్టాడంటారే, మరి మెట్ల కింద అంత చీకటి ఎందుకు ఉంచాం?

"నువ్వు నాతో చెప్పలేదేం?" అంది చివరికి.

"నువ్వు అడగలేదు," అన్నాడు ఎనోస్, చిప్ప మళ్ళీ తీసుకుంటూ.

*

బుధవారం బల్లకట్టు నడిచింది. ఎప్పుడూ చుక్కాని దగ్గర ఉండే కెజయా ఆ రోజు ఎనోస్ పక్కన మోకు పట్టింది. లోపలి అడవివాళ్ళు వచ్చారు, దాటారు, వేశారు, వెనక్కి పోయారు. మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి, ఉప్పుపంది ముక్క రెండు గిన్నెల్లో పెట్టుకుని ఆమె గుమ్మం మెట్టు మీదికి వచ్చి, ఎనోస్ రోజూ తినే చోట, అతని పక్కన కూర్చుంది. ఎనోస్ కాస్త జరిగాడు. ఇద్దరూ తిన్నారు.

పొద్దు వాలుతుండగా జోతమ్ రీవ్ ఒక్కడే దిబ్బ దిగి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఒక్కమాట." గట్టు మీది నుంచే గొంతు తగ్గించాడు. "నిన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మావాళ్ళిద్దరితోనూ మాట్లాడాను. ఈ చట్టం పట్నాల్లో అల్లరి చేసేవాళ్ళ కోసం గాని, మీవంటి వాళ్ళ కోసం కాదు. ఇంకో అరగంటలో పెట్టె మూసేస్తాం. సత్రం వంటింటి వైపు నుంచి రండి. మీరు రాకపోయినా ఫరవాలేదు, చీటీ ఇటివ్వండి. పడిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు."

కెజయా జేబులో చెయ్యి పెట్టింది. చీటీ రెండు రోజులుగా అక్కడే ఉంది. తీస్తే మూల మీద తారు వేలిముద్ర. ఎనిమిది పేర్లూ స్పష్టంగానే ఉన్నాయి. నిన్న ఆ గదిలో నిలబడి అడిగింది దీన్నేగా? ఈ ఒక్క చీటీ ఆ చీలికలో పడితే చాలుననేగా? జోతమ్ చెయ్యి చాపాడు. మంచివాడే. నిజంగానే నిద్ర పట్టి ఉండదు.

"ఎనోస్‌ది?" అంది.

"ఏమిటి?"

"ఎనోస్ చీటీ కూడా పడుతుందా?"

జోతమ్ బల్లకట్టు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అతని సంగతి వేరమ్మా."

"ఎలా వేరు? చట్టంలో మా ఇద్దరి మాటలూ పక్కపక్కనే ఉన్నాయి."

"మీ గురించి ఊరంతా అయ్యో అనుకున్నారు. అతని గురించి ఎవరూ అడగలేదు."

"నిజమే," అంది కెజయా. "నేను కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

"ఒకటైతే దాచగలను. రెండు దాచలేను. చిన్నదాన్ని పెద్దది చెయ్యకండి."

ఆమె చీటీని మడతలో మడత పెట్టి జేబులో వేసుకుంది. "వంటింటి గుమ్మంలోంచి వచ్చేదయితే నాకొద్దు జోతమ్. పెట్టె మూసే వేళయింది. వెళ్ళు."

జోతమ్ టోపీ పెట్టుకున్నాడు. మొహంలో నొచ్చుకున్నతనం. "మీ సమాజంలో గర్వం పాపమంటారు కదా," అని, దిబ్బ ఎక్కిపోయాడు.

గర్వమేనా ఇది? కెజయా అక్కడే నిలబడి తనను తాను అడిగింది. లోపలి వెలుగు ఏమీ చెప్పలేదు. నాలుగేళ్ళకోసారి వచ్చేది. చేతి దాకా వచ్చింది. పోయింది.

"ఇవ్వాల్సింది," అన్నాడు ఎనోస్ వెనకనుంచి. అంతా విన్నాడు.

"నీది లేకుండానా?"

"ఒకటైనా పడేది. ఓడలు కదిలితే దుంగలు వస్తాయి, దుంగలు వస్తే మనిద్దరికీ పని. ఆ చీటీలో నాకూ పని ఉంది." అతని గొంతులో చిరాకు దాగలేదు. "నా కోసం మానెయ్యమని నేను అడిగానా?"

మెచ్చుకుంటాడని తను ఎదురుచూసిందని అప్పుడు తెలిసింది ఆమెకు. మొహం వేడెక్కింది.

అవతలి ఒడ్డున గంట మోగింది. ఇద్దరూ బల్లకట్టు ఎక్కారు. కెజయా మోకు పట్టుకుంది, ఎనోస్ ఆమె వెనకాల పట్టుకున్నాడు. ఒకరు వదిలితే ఒకరు అందుకుంటూ లాగారు. మొన్న పట్టించిన తారు ఇంకా పూర్తిగా ఆరలేదు. అరచేతులకు అంటుకుంటోంది, ఇద్దరికీ ఒకే నలుపు. ఖాళీ బల్లకట్టు తేలిగ్గా సాగి ఏటి నడుమకు వచ్చింది. దిబ్బ మీద సత్రం కిటికీలో దీపం వెలిగించారు. లెక్క మొదలైనట్టుంది.

కెజయా మోకును గుంజకు ఒక చుట్టు వేసింది. బల్లకట్టు ఆగింది.

"అక్టోబరులో నువ్వు వెళ్ళినప్పుడు," అంది, "నిన్ను ఏమన్నారు ఎనోస్?"

ఎనోస్ ఆమెను చూశాడు. గంట మళ్ళీ మోగింది, ఈసారి విసుగ్గా.

"అవతల గంట కొడుతున్నారు," అన్నాడు.

"కొట్టనీ," అంది కెజయా, పలకల మీద చతికిలబడి.

ఎనోస్ టోపీ సర్దుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. "ముందు వాళ్ళేమీ అనలేదు," అని మొదలుపెట్టాడు.